ఆకుమందే కదా!

ధర్మవరంలో పట్టుచీర కొనండి. మడత విప్పి అంచు చూపించి, సిల్క్ మార్క్ చీటీ చేతిలో పెడతారు. పట్టు అసలుదా, కల్తీదా అని అడిగే హక్కు మీకుందని అంగడాయనకూ తెలుసు. హిందూపురం మార్కెట్ యార్డుకు పోండి. చింతపండులో కరిపులి రాశి వేరు, ఫ్లవర్ రాశి వేరు. రకం పేరు తేలకుండా ధర పలకదు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి ఏడాదికి లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం ఉంది. గేటు దాటే ప్రతి బండికీ ఛాసిస్ నంబరు ఉంటుంది. ఆ నంబరు చెబితే బండి పుట్టుపూర్వోత్తరాలన్నీ బయటపడతాయి.

ఆ చీర నేసినాయన, ఆ చింతపండులో గింజ తీసినామె, ఆ కార్ల లైను మీద నిలబడి నిలబడి పిక్కలు పట్టేసిన పిల్లోడు మోకాళ్ల నొప్పికో నడుము నొప్పికో మింగే పొడికి మాత్రం పేరు లేదు. తయారీ తేదీ లేదు. ఎవరు నూరారో, ఏం కలిపారో, ఎంత కలిపారో లేదు. చీరకున్న పాటి గౌరవం దాన్ని నేసినవాడి మోకాలికి లేదు. కారు మీద ఉన్న పాటి శ్రద్ధ కారు బిగించే చేతి మీద లేదు. అదేమని అడిగితే అందరి నోటా ఒకటే మాట: "ఏం కాదులే, ఆకుమందే కదా!"

ఈ ఒక్క మాట మన ఊళ్లలో ఎన్ని కిడ్నీలను, ఎన్ని ఎముకలను తినేసిందో లెక్క రాసినవాడు లేడు. లెక్క లేకపోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

ఆ పొట్లాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. పాత పత్రిక ముక్కలో మడిచిన గోధుమరంగు పొడి. ముక్కు దగ్గర పెట్టుకుంటే శొంఠి, పిప్పళ్ల ఘాటు. అమ్మేవాడు సంతలో గోనెసంచి పరిచి, నాలుగు వేళ్లూ, రెండు కాయలూ, ఒక ఎండిన తీగా ముందు పేర్చుకుని కూర్చుంటాడు. మోకాలికీ అదే పొడి, నడుముకూ అదే, మెడకూ అదే. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకో అక్కా. రెండో నాటికి నువ్వే పరుగెత్తుకుంటా వచ్చి ఇంకో పొట్లం అడుగుతావు." వాడి మాట పొల్లుపోదు. రెండో నాటికి ఆమె నిజంగానే లేచి నడుస్తుంది. ఆకలి పుడుతుంది. నిద్ర లేకపోయినా హుషారుగా ఉంటుంది. ముఖం నిండుగా అవుతుంది. "మందు ఒంటికి పట్టింది" అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు.

పట్టింది మందు కాదమ్మా, స్టెరాయిడ్. కీళ్లనొప్పుల పేరుతో లేబుల్ లేకుండా అమ్మే పొడుల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రల పిండి దొరికిన సంగతిని మన దేశపు డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. డెక్సామెథసోన్ చిన్న మాత్ర రూపాయి కూడా చేయదు. నాలుగు మాత్రలు దంచి శొంఠిపొడిలో కలిపితే వాడు ధన్వంతరి అయిపోతాడు. నెలలు గడిచాక ముఖం చంద్రబింబంలా ఉబ్బుతుంది. చక్కెర ఎక్కడికో పోతుంది. బీపీ పెరుగుతుంది. ఎముకలు గుల్లబారతాయి. చర్మం పలచబడి, చిన్న దెబ్బకే కమిలిపోతుంది. బయటినుంచి స్టెరాయిడ్ రోజూ వస్తుంటే ఒంట్లో సొంతంగా దాన్ని తయారుచేసే గ్రంథులు పని మానేసి కూర్చుంటాయి. అలాంటప్పుడు పొడి ఉన్నపళంగా మానేస్తే మనిషి కుప్పకూలి, ప్రాణం మీదికి రావచ్చు.

స్టెరాయిడ్‌తో రెండో నాటికే లేపి నడిపించే ఈ మహిమ సంతవాడు కనిపెట్టిందేమీ కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన స్త్రీకి కార్టిసోన్ ఇచ్చాడు. కొద్దిరోజుల్లో ఆమె లేచి నడిచింది. ప్రపంచం నివ్వెరపోయింది. రెండేళ్లకే, 1950లో, హెంచ్‌కూ మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత దుష్ఫలితాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వైద్యం జాగ్రత్త నేర్చుకుంది: ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు, ఎలా తగ్గించాలి అని. నోబెల్ తెచ్చిన మందును ఆ జాగ్రత్తంతా చించేసి కాగితం ముక్కలో చుట్టి అమ్ముతున్నారు మన దగ్గర.

ప్రతి పొట్లంలోనూ స్టెరాయిడ్ ఉందని నేననడం లేదు. ఏ పొట్లంలో ఉందో, ఏ పొట్లంలో లేదో మింగేవాడికి తెలియకపోవడమే నేరం అంటున్నాను. ఇంగ్లీషు మందు వాడేవాళ్లు ఇక్కడ పైచేయి చూసుకోనక్కర్లేదు. పల్లెల్లో డిగ్రీ లేని డాక్టరు "ఒక సూదేస్తే తగ్గిపోతాది" అని ఎక్కించే దాంట్లోనూ తరచుగా ఉండేది ఆ డైక్లోఫెనాక్, ఆ డెక్సామెథసోనే. సంతవాడు ఆకు పేరు చెప్పి ఇచ్చేది ఈయన సూది పేరు చెప్పి ఇస్తున్నాడు. వేరుశనగ చేలో ఎండకు ఎండి, నీళ్లు తాగే తీరిక లేక ఒళ్లు వాడిపోయిన కూలీకి డైక్లోఫెనాక్ ఎక్కిస్తే కిడ్నీ మీద పడే భారం మామూలు మనిషి మీద పడేదానికంటే ఎక్కువ. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలను కూల్చి జాతినే తుడిచిపెట్టే దాకా వస్తే, మన ప్రభుత్వం 2006లో పశువైద్యంలో దాన్ని ఆపింది. రాబందు కిడ్నీ గురించి ఆలోచించిన దేశం కూలీ కిడ్నీ గురించి ఎందుకు ఆలోచించదు?

ఇంతదాకా చదివి "ఈయన ఆకుమందుల మీద పగబట్టాడు" అనుకుంటే పొరపాటు. నా వాదం దానికి పూర్తిగా ఎదురు. ఆకులో మందు ఉంది. నిజంగా ఉంది. కాబట్టే దానికి లెక్క కావాలంటున్నాను.

హిందూపురం యార్డులో క్వింటాళ్ల లెక్కన అమ్ముడయ్యే ఎండుమిర్చినే తీసుకోండి. దాని కారం క్యాప్సైసిన్. మన నరాల చివర వేడినీ మంటనూ పసిగట్టే ఒక ద్వారం ఉంది, టీఆర్‌పీవీ1 అని దాని పేరు. క్యాప్సైసిన్ సరాసరి వెళ్లి ఆ ద్వారం తెరుస్తుంది. మొదట మంట పుడుతుంది. మళ్లీ మళ్లీ తెరిపిస్తే నరం అలిసిపోయి నొప్పి కబురు పంపడం తగ్గించేస్తుంది. 1997లో ఈ ద్వారాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. సర్పి తగ్గాక కూడా నెలల తరబడి వేధించే నరాల నొప్పికి 8 శాతం క్యాప్సైసిన్ పట్టీని అమెరికా 2009లో అనుమతించింది. దాన్ని ఎలా వేస్తారో వినండి: ఆసుపత్రిలో, చేతికి గ్లవ్స్ తొడుక్కుని, గంటసేపు, పక్కన మనిషి ఉండి, బీపీ చూస్తూ. మిరపకాయ కూడా మందయ్యేసరికి దానికి శాతం వచ్చింది, సమయం వచ్చింది, బాధ్యుడు వచ్చాడు.

పసుపు సంగతి చూడండి. 1995లో అమెరికాలోని మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రం గాయం మాన్పడానికి పసుపు వాడటం మీద పేటెంట్ తెచ్చుకుంటే మన సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు ముందుపెట్టి పోరాడి 1997లో రద్దు చేయించింది. అందరం ఛాతీ విరుచుకున్నాం. మంచిదే. కానీ పసుపు మోకాలికి ఎంత పనిచేస్తుందో తేల్చిన పెద్ద పరీక్ష ఎక్కడ జరిగింది? థాయ్‌లాండ్‌లో. 2014లో వెలువడిన ఆ పరీక్షలో 367 మంది మోకాలి అరుగుదల రోగుల్లో కొందరికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, కొందరికి 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ నాలుగు వారాలు ఇచ్చారు. పసుపు ఐబుప్రొఫెన్‌కు తీసిపోలేదు, కడుపుబాధ తక్కువ. పేటెంట్ మీద పోట్లాడిన మనం ఆ పట్టుదలతో అంత పెద్ద పరీక్ష మాత్రం చేయలేదు.

అది పసుపుపాలు కాదని కూడా గుర్తుంచుకోండి. వంటింటి పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం. చెంచాడు, అంటే 3 గ్రాముల పసుపులో 90 మిల్లీగ్రాములు. అందులోనూ పేగు దాటి రక్తంలోకి చేరేది అత్యల్పం. 1998లో మన పక్కనే బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటు, ఇచ్చి చూశారు. రక్తంలోకి చేరిక 2000 శాతం పెరిగింది. ఈ ఒక్క అంకెను పట్టుకుని ప్రపంచమంతా పసుపు, మిరియాల గుళికలు అమ్ముకుంది. తర్వాత ఏమైంది? 2019లో ఇటలీలో పసుపు గుళికలు తిన్నవాళ్ల కాలేయాలు వాచిన కేసులు వరుసగా బయటపడ్డాయి. అక్కడి ప్రభుత్వం డబ్బా మీద హెచ్చరిక ముద్రించమంది. అమెరికాలో అలాంటి కేసులు నమోదయ్యాయి, వాటిలో కొన్ని గుళికల్లో మిరియం కూడా ఉంది. కూరలో వేసే పసుపుతో ఎవరికీ భయం లేదు. అదే పసుపు పదింతలై, మిరియం తోడై, రోజూ కడుపులోకి దిగితే అది వేరే లెక్క. పసుపుకే ఈ నియమం వర్తిస్తే పేరు లేని పొడికి వర్తించదా?

మూడోది అందుగు చెట్టు బంక. ఆయుర్వేదం శల్లకి అంటుంది. దానిలోని బోస్వెల్లిక్ ఆమ్లాలు వాపును రాజేసే 5-లైపాక్సిజనేస్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. దీని సారంతో విజయవాడ లైలా సంస్థ తయారుచేసిన 5-లాక్సిన్‌ను 75 మంది మోకాలి రోగుల మీద 90 రోజులు పరీక్షించారు. కొందరికి 100 మిల్లీగ్రాములు, కొందరికి 250, కొందరికి ఉత్త గుళిక. ఎవరికేది ఇస్తున్నారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. నొప్పి తగ్గిందని 2008లో ప్రకటించారు. తయారీ సంస్థ మనుషులే అధ్యయనంలో ఉన్నారు కాబట్టి దాన్ని ఇంకొకరు మళ్లీ పరీక్షించాలని నేనంటాను. 2014 కాక్రేన్ సమీక్ష అన్ని పరీక్షలనూ కలిపి చూసి, శల్లకితో నొప్పి కొద్దిగా తగ్గుతుందని తేల్చింది. కొద్దిగా! అదీ నిజాయతీ గల మాట. "శాశ్వతంగా, వేళ్లతో సహా" అనలేదు. తెలుగు నేల మీద ఆకుమందును తూచి, కొలిచి, లోకం ముందు పెట్టడం సాధ్యమేనని మాత్రం విజయవాడ చూపించింది. అది ధర్మవరానికి ఎందుకు సాధ్యం కాదు?

చిత్రావతి ఒడ్డున, వంకల వెంట పొదలుపొదలుగా పెరిగే వావిలి ఇంకా ఆ తూకానికి ఎక్కలేదు. బాలింతకు వావిలాకు కాచిన నీళ్లు పోయని ముసలమ్మ మన సీమలో లేదు. నేతపనివాళ్లు నడుముకు వావిలాకు కాపడం పెట్టుకుంటారు. వావిలి వాపును తగ్గిస్తుందని ఎలుకల మీద చేసిన పరీక్షలు బోలెడున్నాయి. మనుషుల మీద గట్టి పరీక్షలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. ఉపశమనం ఆకుదా, వేడి నీళ్లదా, రుద్దే చేతిదా? తేల్చడానికి కోట్లు అక్కర్లేదు. సగం మందికి వావిలాకు నీళ్ల కాపడం, సగం మందికి ఉత్త వేణ్ణీళ్ల కాపడం, రెండు నెలలు, నొప్పి కొలిచే ఒక పట్టిక. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. వృక్షశాస్త్రవేత్తలు టి. పుల్లయ్య, ఎన్. యశోద అనంతపురం జిల్లా మొక్కల మీద గుట్టగుట్టా తిరిగి 1989లోనే గ్రంథం వేశారు. ఏ మొక్క ఏదో మనకు తెలుసు. అది ఎంత పనిచేస్తుందో తెలుసుకునే రెండో అడుగు ఇన్నేళ్లయినా పడలేదు.

ఇప్పుడు ఆ "ఆకుమందే కదా" మాటకు వస్తాను. పనిచేసే పదార్థం ఏదైనా ఒంట్లో ఏదో ఒకటి మారుస్తుంది. మార్చేది ఏదైనా మోతాదు మించితే చెరుపుతుంది. ఇది ఇంగ్లీషు మందుల నియమం కాదు, సృష్టి నియమం. మన గుట్టల్లోనే సాక్ష్యాలున్నాయి. అగ్నిశిఖ చూడండి, ఎర్రగా పసుపుగా మంటలాంటి పువ్వు. దాని దుంపలో కొల్చిసిన్ ఉంది. గౌట్ వాపుకు డాక్టర్లు ఇచ్చే మందు అదే, మిల్లీగ్రాములో సగం లెక్కన. చేతికొచ్చినంత దుంప అరగదీసి తాగితే వాంతులతో మొదలై ఎముక మూలుగ దాకా పాడైపోయి మనిషి చనిపోతాడు. నల్లజీడి చూడండి. బట్ట మీద చెరగని గుర్తు పెట్టే ఆ రసం చర్మం మీద బొబ్బలు లేపుతుంది. కీళ్లకు వాడే గింజే అది, కానీ శుద్ధి చేయకుండా వాడొద్దని ఆయుర్వేదమే చెప్పింది. గాడిదగడపాకు జాతి మొక్కల్లో అరిస్టొలొకిక్ ఆమ్లం ఉంది. బెల్జియంలో 1990ల మొదట్లో సన్నబడే మందులో ఆ జాతి వేరు కలిసిపోయి వంద మందికి పైగా స్త్రీల కిడ్నీలు పోయాయి, కొందరికి మూత్రమార్గంలో క్యాన్సర్ వచ్చింది. మొక్కే! పచ్చటి మొక్కే!

"మా తాతల కాలం నాటి వైద్యాన్ని అవమానిస్తావా" అని అడిగేవాళ్లకు ఒక మాట. తాతలను అవమానిస్తున్నది నేను కాదు. తెలుగుదేశపు వైద్యులు తరతరాలుగా పట్టుకున్న బసవరాజీయంలో ద్రవ్యం పేరుంది, తూకముంది, అనుపానముంది, పథ్యముంది. ఆ గ్రంథాన్ని మన 1940 ఔషధ చట్టం ప్రామాణిక గ్రంథాల పట్టికలో చేర్చింది. జిల్లేడాకుకు ఆముదం రాసి, వెచ్చచేసి మోకాలికి కట్టిన ముసలమ్మ ఆ ఆకు పాలు కంట్లో పడకుండా చూసుకుంది, ఆకును పైన కట్టింది గానీ నూరి తాగించలేదు. బెణికితే చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేసింది. ఏది పైకి, ఏది లోపలికి అన్న ఎరుక ఆమెకుంది. ఆ ఎరుకను పారేసి, పేరు మాత్రం ఉంచుకుని, డెక్సామెథసోన్ కలిపి అమ్మేవాడు సంప్రదాయానికి వారసుడెలా అవుతాడు? వాడు దొంగ. దొంగను దొంగ అనడానికి ఆయుర్వేద వైద్యులే ముందు నోరు విప్పాలి. వాళ్ల పేరు అమ్ముకునే బతుకుతున్నాడు వాడు.

చట్టాలు లేవా? ఎందుకు లేవు! 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కీళ్లవాతం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే నిషేధించింది. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు ఈ చట్టం కింద డబ్బాలు పట్టుకుంటున్నారు, అది జరిగే పనేనని రుజువైంది. ఆయుర్వేద మందు డబ్బా మీద తయారీదారు పేరు, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ద్రవ్యాల పట్టిక ఉండి తీరాలని నిబంధనలున్నాయి. 2004లో అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 వాటిలో సీసం, పాదరసం లాంటివి దొరికాయని పరిశోధకులు రాస్తే మన ప్రభుత్వం ఉలిక్కిపడి, 2006 జనవరి 1 నుంచి ఎగుమతయ్యే మూలికా మందులకు భారలోహాల పరీక్ష తప్పనిసరి చేసింది. బోస్టన్‌లో కొనేవాడి ఒళ్లు అంత విలువైనది. ధర్మవరం సంతలో కొనేవాడి ఒళ్లు ఎవరికి పట్టింది? సంతలో గోనెసంచి ముందు నిలబడి "దీని లైసెన్స్ ఏది?" అని అడిగిన అధికారిని నేనింతవరకూ చూడలేదు.

డాక్టర్లకూ ఒక మాట చెప్పాలి. ముఖం ఉబ్బి, చక్కెర పెరిగి వచ్చిన మనిషిని "ఏం పొడులు మింగావు?" అని మెల్లగా అడిగేవాళ్లు కొందరే. మిగతావాళ్లు కసురుతారు. కసురు తిన్న మనిషి మళ్లీ నిజం చెప్పడు. పొట్లం కొంగున ముడివేసి, మాత్రలూ వేసుకుంటూ, పొడీ మింగుతూ, రెండు డైక్లోఫెనాక్‌లు ఒక్క కడుపులో కలుపుకుంటాడు. మీ ఈసడింపే సంతవాడికి గిరాకీ.

నొప్పి ఎక్కడిదో అడగని వైద్యం ఇంకో నేరం చేస్తుంది. గుంట మగ్గం చూశారా? గట్టు అంచున కూర్చుని కాళ్లు గుంటలోకి వేలాడదీసి, ఒక్కో కాలితో తొక్కుతూ, చేత్తో నాడె విసురుతూ, మెడ వంచి పడుగు మీద చూపు నిలిపి, పొద్దస్తమానం. నడుముకు ఆనుకునే దిక్కు ఉండదు. ఆ నొప్పి వాతం వల్ల రాలేదు, ఆ గుంటలో పుట్టింది. నొప్పికి ఇంకో మూలం నీళ్లు: చాలా పల్లెల్లో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నూ కీళ్లూ బిగుసుకుపోతాయి. అచ్చం కీళ్లవాతంలాగే ఉంటుంది. 1937లోనే నెల్లూరు వైపు ఈ జబ్బును వైద్యులు గుర్తించి రాశారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో వందల ఊళ్లకు సత్యసాయి ట్రస్టు నీళ్ల పథకం వచ్చిందంటేనే సమస్య ఎంతటిదో తెలుస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగే మనిషికి స్టెరాయిడ్ పొడి పోస్తే నొప్పి నోరు మూసుకుంటుంది, నీళ్లు మాత్రం తమ పని తాము చేసుకుపోతాయి. పైగా అప్పటికే దెబ్బతిన్న ఎముకను ఆ పొడి మరింత గుల్ల చేస్తుంది.

"పేదవాడు స్కానింగులకూ స్పెషలిస్టులకూ ఎక్కడ తెస్తాడు? పొట్లం ఇరవై, ముప్పై రూపాయలు. మీరు అదీ లాగేసుకుంటారా?" అని అడుగుతారు కొందరు పెద్దమనుషులు. ఈ ప్రశ్నలో జాలి ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది తిరస్కారం. పేదవాడికి పరీక్షించని మందు చాలు అనే కదా దీని అర్థం? పొట్లం చవక కానేకాదు. దాని అసలు ధర తర్వాత వచ్చే ఇన్సులిన్ సీసాల్లో, విరిగిన తుంటి ఎముకలో, డయాలసిస్ కుర్చీలో, కదలలేక అమ్ముకున్న మగ్గంలో వసూలవుతుంది. పేదవాడికి చవక మందు కావాలి, నిజమే. చవకగా ఉండి, పేరున్న, తూకమున్న, పరీక్షించిన మందు కావాలి. అందుగు బంకతో, పసుపుతో, మిరపతో, వావిలితో అది సాధ్యం. సాధ్యమైనదాన్ని ఇన్నేళ్లు చేయకపోవడమే నా కోపానికి కారణం.

కాబట్టి అడగాల్సినవి ఇవి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ చీటీ మీద "ఆకుమందులు, పొడులు ఏమైనా వాడుతున్నారా" అనే గడి ఉండాలి, దాన్ని నింపకుండా మందు రాయకూడదు. రోగి తెచ్చిన పొట్లాన్ని ఉచితంగా స్టెరాయిడ్ పరీక్షకు పంపే ఏర్పాటు కావాలి. సంతల్లో నమూనాలు తీసి, ఫలితాలను ఊరి పేరుతో సహా పంచాయతీ బోర్డు మీద అంటించాలి. కలిపినవాణ్ణి జైలుకు పంపాలి. చిన్న పొట్లాలవాణ్ణి పట్టుకుని, వాడికి మాత్రల డబ్బాలు టోకున పోసే మందుల దుకాణాన్ని వదిలేయకూడదు. విశ్వవిద్యాలయం, ఆయుర్వేద వైద్యులు, ఎముకల డాక్టర్లు ఒక్క బల్ల చుట్టూ కూర్చుని ధర్మవరం నేతపనివాళ్లతోనే వావిలి పరీక్ష చేయాలి. మగ్గం కూర్చుడుకు ఆనుడు అమర్చే పనిని చేనేత శాఖ చీరల ప్రదర్శన పెట్టినంత ఉత్సాహంతో చేయాలి.

ఇవన్నీ జరిగేలోపు మీ చేతిలో ఉన్న పని మీరు చేయండి. డబ్బా మీద తయారీదారు పేరు, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ద్రవ్యాల పట్టిక లేని పొడిని కొనకండి, ఎవరిచ్చినా మింగకండి. రెండు పూటల్లో మీ నొప్పిని మాయం చేసిన పొడిని నమ్మకండి, అనుమానించండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి. పొట్లాన్ని కొంగున దాచకుండా రేపు పొద్దున్నే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టి, "ఇది ఎన్నాళ్లుగా తింటున్నాను, ఎలా ఆపాలో చెప్పండి" అని అడగండి. కసిరితే కసరనివ్వండి. జవాబు చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి.